పసుపు కాగితం కింది బొమ్మ

మూడు కాగానే హత్సుయే పెన్సిల్ పక్కన పెట్టి లేచింది. లేవమని ఎవరూ అనలేదు. ముప్పై ఒక్కేళ్ళ కిందట ఆమె చేరినప్పుడు బొమ్మల గదిలో ఆడవాళ్ళు నలుగురుండేవారు. టీ వంతులవారీగా పెట్టేవారు. మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వంతు మాత్రం మానలేదు.

మెట్ల పక్కన సందులో ఒక పొయ్యి, ఒక సింకు. కింది ఇస్త్రీ దుకాణం ఆవిరి నేలలోంచి పైకొచ్చి కిటికీ అద్దానికి పట్టేది. ఐదు కప్పులు పళ్ళెంలో సర్ది, ఆకు అడుక్కి దిగేదాకా ఆగి, సమంగా పోసింది. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని తలుపు తీసింది.

లోపల దర్శకుడు కజివారా, నిర్మాణం పనులు చూసే అన్‌జాయ్ గోడకంటించిన పట్టిక ముందు నిలబడి వాదించుకుంటున్నారు.

"వచ్చే బుధవారం ఐదో భాగం ప్రసారం. నూట పది షాట్లకి రంగులే పడలేదు. ఆ రోజు తెరమీద మీరూ నేనూ నిలబడి పాట పాడదామా?" అన్నాడు అన్‌జాయ్.

"మీరు పాడితే చూసేవాళ్ళు తగ్గిపోతారు."

"ఇంకా తగ్గడానికి మిగిలారా?"

కజివారా జుట్టు గోక్కున్నాడు. ఆయనకి యాభై దాటాయి. పెన్సిల్ చెవిలో పెట్టుకుని పెన్సిల్ కోసం వెతికే మనిషి. "నిషివాకికి చెప్పేశాను. ఎనిమిదో భాగం నుంచి అక్కర్లేదని," అన్నాడు. నిషివాకి వాళ్ళకి బొమ్మలు వేసే మనిషి.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, తలొంచాడు. చెయ్యి మంచిదే, నేను కాదనను. నవ్వు రాదు. ఆయన వేసిన ప్రతి బొమ్మా నేను మళ్ళీ వెయ్యాలంటే ఆయనెందుకు, నేనెందుకు?"

హత్సుయే కప్పు ఆయన మోచేతికి తగలకుండా అటుపక్కగా పెట్టింది. ఆయన చూడకుండానే అందుకున్నాడు. ఎక్కడుందో చెయ్యికి తెలుసు.

వాళ్ళు తీస్తున్న టీవీ బొమ్మల సీరియల్ పేరు 'అబద్ధానికో గౌను'. కూరగాయల కొట్టువాడి కొడుకు సోటా నోట అబద్ధం వచ్చిందంటే ఆ నిమిషానే ఆడపిల్లయిపోతాడు. నిజం ఒప్పుకుంటేగాని మళ్ళీ మగపిల్లాడు కాడు. మొదటి భాగం రాగానే ఒక సాయంత్రం పత్రికలో ఒక విమర్శకురాలు రాసింది, ఆడదవడం అబద్ధానికి పడే శిక్ష అనుకునే సీరియల్ ఇది, ముప్పై ఏళ్ళ కిందటి నవ్వుని మళ్ళీ వేడిచేసి పెట్టారు అని. ఆ ముక్క కత్తిరించి ఎవరో కాఫీ మిషను మీద అంటించారు. అప్పట్నుంచి గదిలో ఎవరు అబద్ధమాడినా, "జాగ్రత్త, గౌనొస్తుంది," అనడం అలవాటైంది.

హత్సుయే బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. బల్ల పలకకి మధ్యలో అద్దం, అద్దం కింద దీపం. ఆమె పని నడిమి బొమ్మలు సరిచూడటం. ఒక కదలికలో ముఖ్యమైన నాలుగైదు బొమ్మలు చెయ్యి తిరిగినవాళ్ళు వేస్తారు. వాటి మధ్యవి బయటి కంపెనీవాళ్ళు వేసి పంపిస్తారు. మూడు మేకుల పట్టీకి కాగితాలు గుచ్చి, వేళ్ళ సందుల్లో నాలుగు ఇరికించి తిప్పితే బొమ్మ కదులుతుంది. ఎక్కడ గీత వణికిందో, ఎక్కడ గుండీ ఒకటి తగ్గిందో ఆమె వేళ్ళకి ముందు తెలిసేది, కంటికి తర్వాత. హత్సుయేని దాటి వెంట్రుక కూడా పోదని కంపెనీలో సామెత.

రెండువందల పద్నాలుగో షాట్ కవరు విప్పింది. తొమ్మిది సెకన్ల షాట్. స్నేహితుడి తాత నలభైతొమ్మిదో రోజు కర్మకి సోటా వెళ్తాడు. వెళ్ళగానే ఏదో అబద్ధమాడి ఆడపిల్లయి కూర్చుంటాడు. ఆ ఇంటి ముసలమ్మలు ఆడపిల్ల కనబడిందని వంటగదిలోకి లాక్కుపోయి, మగవాళ్ళ గదికి టీ పట్టుకెళ్ళమని చేతిలో పళ్ళెం పెడతారు.

ఆమె తిప్పింది. పిల్ల తలుపు ముందు నిలబడింది. కుడిచెయ్యి గౌనుకి తుడుచుకుంది. తలుపుమీద చెయ్యి వేసి, తీసేసింది. మళ్ళీ తుడుచుకుంది. పళ్ళెం ఎడంచేతిలోకి మార్చుకుంది. తలుపు జరిపింది. కళ్ళు కప్పుల మీదే ఉన్నాయి.

హత్సుయే వేళ్ళు ఆగాయి.

ఇది కాదు ఉండాల్సింది. కజివారా దిద్దిన ప్రకారం పిల్ల గడప తట్టుకుని పడాలి, పళ్ళెం ఎగరాలి, గౌను లేవాలి. తర్వాతి షాట్‌లో ఎనిమిదిమంది మగవాళ్ళు నోళ్ళు తెరవాలి. దర్శకుడి దిద్దుబాటు ఎప్పుడూ పసుపు కాగితం మీద వస్తుంది. కింద ఏమున్నా పై కాగితాన్నే అనుసరించాలి. అది వాళ్ళ పనిలో మొదటిరోజు నేర్పే మాట. హత్సుయే కవరులో చెయ్యి పెట్టింది. పసుపు కాగితాలు రబ్బరు బ్యాండు వేసినవి వేసినట్టే అడుగున మడత పడి ఉన్నాయి. బయటి కంపెనీవాళ్ళు చూసుకోలేదు. నిషివాకి వేసిన తెల్లకాగితాల బొమ్మల్నే అనుసరించి నడిమివన్నీ వేసేశారు.

వెనక్కి పంపాలి. ఎర్ర చీటీ అంటించి, 'మళ్ళీ వెయ్యండి' అని రాయాలి. బయటి కంపెనీ కట్టెయ్యడానికి ఇంకా రెండు గంటల టైముంది, కారిచ్చి పంపితే రేపటికి వస్తుంది. ఆమె చీటీల కట్ట దగ్గరికి లాక్కుంది. ఒకసారి తిప్పి చూద్దామనుకుంది. తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఆ పిల్ల రెండోసారి చెయ్యి తుడుచుకునే చోట ఏదో ఉంది. గీత తప్పు కాదు. తెలిసిన మనిషి వీధిలో ఎదురై పేరు గుర్తురానట్టుంది.

అరవై చిల్లర కాగితాలూ సరిగా సర్దింది. పసుపువి మళ్ళీ అడుగున పెట్టింది. కవరు మీద సరిచూసినట్టు చిన్న గుండ్రటి ముద్ర వేసింది.

వేశాక తన చెయ్యి తనే చూసుకుంది. రంగుల విభాగం త్సుకుదా వచ్చి కవర్లు ఎత్తుకుంటూ, "ఏంటమ్మా, ముఖం అలా పెట్టారు? ఆకలా?" అంది.

"లేదు."

"అబద్ధం. గౌనొస్తుంది జాగ్రత్త. అన్నట్టు మీరాడితే ఏమొస్తుందంటారు, మీసాలా?" అని నవ్వుకుంటూ పోయింది.

*

శుక్రవారం నుంచి కజివారాకి జ్వరం. చివరిసారి చూసి ఒప్పుకునే పని అన్‌జాయ్ మీద పడింది. అతనికి లెక్క తెలుసుగాని బొమ్మ తెలియదు. అన్ని షాట్లకీ రంగులుంటే చాలనుకున్నాడు. బుధవారం ప్రసారమైంది.

గురువారం పొద్దున కజివారా మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. వచ్చీరాగానే గది మధ్య నిలబడి, "నా పళ్ళెం ఏది?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"పళ్ళెమండీ! పడాలి కదా పళ్ళెం! ఇంట్లో మా ఆవిడా నేనూ చూస్తున్నాం. ఇప్పుడు పడుతుంది చూడు, ఇప్పుడు నవ్వొస్తుంది చూడు అంటున్నాను. పిల్ల తలుపు తీసింది. అంతే! తీసి ఊరుకుంది. అవతల ఎనిమిదిమంది మగాళ్ళు నోళ్ళు తెరుచుకున్నారు. ఎందుకు తెరిచినట్టు?"

"చప్పుడైనా లేదు," అన్నాడు అన్‌జాయ్ నెమ్మదిగా.

"చప్పుడెందుకు లేదో సౌండువాళ్ళని అడిగాను. పళ్ళెం పడ్డ చప్పుడు సిద్ధంగా పెట్టుకున్నారట. బొమ్మలో పళ్ళెం పడలేదు గనక తీసేశారట. ఎంత బుద్ధిమంతులో!"

"మీ ఆవిడేమన్నారు?" అంది త్సుకుదా రంగుల డబ్బాల వెనక నుంచి.

కజివారా మెడమీది తువ్వాలు సవరించుకున్నాడు. "ఏమీ అనలేదు. టీవీ కట్టేసి వెళ్ళి పడుకుంది," అన్నాడు. అది ఆయనకీ కొరుకుడుపడని సంగతిలాగే ఉంది.

మధ్యాహ్నానికి, చూసినవాళ్ళు కంప్యూటర్లో రాసిన మాటలు చేరాయి. డైరెక్టర్ పారిపోయాడా అని ఒకడు. పిల్ల ముఖం ఒక్కసారిగా పొడుగైందేమిటని ఒకడు. డబ్బిచ్చి డిస్కు కొనేవాళ్ళంటే లోకువా అని మరొకడు. ప్రసారంలో తప్పు జరిగినవి అమ్మకానికి పెట్టే డిస్కులో మళ్ళీ వేసి పెట్టడం రివాజు. అన్‌జాయ్ రీటేకుల జాబితాలో మొట్టమొదట 214 అని రాశాడు. తర్వాత హత్సుయే బల్ల పక్కకొచ్చి ఒంగి, ఇంటిపేరుతో పిలిచాడు.

"కుమగాయ్ గారూ, ఏమీ అనుకోకండి. రివాజు కాబట్టి అడుగుతున్నాను. క్షమాపణ కాగితం ఒకటి. రెండు ముక్కలు చాలు. 'నా అజాగ్రత్త వల్ల జరిగింది, ఇకమీదట జరగదు.' ముద్ర వేసి సోమవారం ఇవ్వండి. ముప్పై ఏళ్ళల్లో ఒక్కసారి. ఎవరూ ఏమీ అనరు."

"సరేనండి," అందామె.

శని, ఆదివారాలు ఆమె ఇంట్లో చిన్న బల్ల ముందు కూర్చుంది. తేదీ రాసింది. షాట్ నంబరు రాసింది. 'నా' అని రాసి ఆగింది. అజాగ్రత్త అనే మాట అరచేతిలో గోలీలా దొర్లింది గాని కాగితం మీదికి దిగలేదు. ఆ పూట ఆమె చూసినంత జాగ్రత్తగా ఏ బొమ్మనీ చూడలేదు. ఆ సంగతి రాస్తే ఉద్యోగం పోతుంది. సరిచూసే మనిషి కళ్ళారా చూసి తప్పు పంపిందంటే ఇక ఆ కన్ను ఎవరిక్కావాలి? అజాగ్రత్త అని రాసేస్తే డిస్కులో పళ్ళెం పడుతుంది, నిషివాకి వేసిన బొమ్మ చెత్తలోకి పోతుంది, ఆయన్ని ఎలాగూ మాన్పించారు. ఎందుకా బొమ్మని అంటిపెట్టుకుంటున్నానని తన్ను తనే అడిగింది. లేచి అన్నం వార్చుకుంది, ముల్లంగి ఊరగాయ కోసుకుంది, తినడం మర్చిపోయింది.

*

సోమవారం పొద్దున కాఫీ మిషను మీద కొత్త కాగితం ముక్క ఉంది. శనివారం సాయంత్రం పత్రికలోది. అదే విమర్శకురాలు. దానిముందు నలుగురు నిలబడి చదువుతున్నారు, ఎవరూ నవ్వడం లేదు.

'ఈ సీరియల్ గురించి నేను రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను,' అని మొదలుపెట్టిందావిడ. 'ఐదో భాగంలో తొమ్మిది సెకన్లున్నాయి. మొదటిసారి ఆడపిల్లగా టీ పళ్ళెం పట్టుకున్న ఒక మగపిల్లాడు తలుపు బయట నిలబడతాడు. చేతులేం చేసుకోవాలో తెలియదు. తుడుచుకున్న చెయ్యే మళ్ళీ తుడుచుకుంటాడు. తలుపు తీస్తే అవతల మగవాళ్ళందరూ నోళ్ళు తెరిచి చూస్తారు, ఎందుకో చెప్పరు. చెప్పక్కర్లేదు. దర్శకుడు కజివారా అక్కడ నవ్వు ఆపాడు. ఆపగలిగినవాడు గొప్పవాడు.'

"నేను ఆపానా?" అన్నాడు కజివారా.

"అలా రాసింది మరి," అన్నాడు అన్‌జాయ్.

"అయితే మొన్న తిట్టినవాళ్ళు?"

"వాళ్ళూ ఉన్నారు. సగంమంది ఇప్పుడు, అర్థం కాకపోతే నోరుమూసుకోండని మిగతా సగాన్ని తిడుతున్నారు."

"డిస్కులో మార్చాలా, వద్దా?"

అన్‌జాయ్ జాబితా తీసి 214 కొట్టేశాడు. కాసేపటికి మళ్ళీ రాశాడు. భోజనాల వేళకి అక్కడ కాగితం చిరిగింది.

మూడింటికి హత్సుయే పళ్ళెం తీసుకుని వెళ్ళేసరికి కజివారా ఫోన్లో ఉన్నాడు. అవతల ఎవరో పత్రికామె. ఆయన లేచి నిలబడి మాట్లాడుతున్నాడు, చెవిలో పెన్సిల్ లేదు.

"ఆ... అంటే, పడేస్తే నవ్వొస్తుందండి. అది ఎవరైనా చేస్తారు. అక్కడ... ఏదో, ఆగాలనిపించింది. అవును, మొదట్నుంచీ... మొదట్నుంచీ అని కాదుగాని..." ఆయన మొహం ఎర్రబడింది. అబద్ధమాడుతున్నట్టు లేదు. ఆడుతున్నానో లేదో తనకే తెలియనివాడిలా ఉన్నాడు.

అన్‌జాయ్ హత్సుయే పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "మీ క్షమాపణ కాగితం ఇక అక్కర్లేదండి. చింపేయండి. తప్పే జరగలేదు, సరేనా? అంతా మంచికే."

ఆమె కప్పులు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. అక్కర్లేదు అన్న మాట చెవిలో పడ్డాక ఊపిరి తేలికవ్వాలి. కాలేదు. తప్పు చేశావంటే తలొంచడం ఆమెకి తెలుసు. తప్పే జరగలేదంటే తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కజివారా ఫోను పెట్టేదాకా పళ్ళెం పొట్టకి ఆనించుకుని అక్కడే నిలబడింది. తర్వాత ఏప్రన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆయన కప్పు పక్కన పెట్టింది.

ఆయన విప్పాడు. ఆమె చేతిరాత నిటారుగా, బళ్ళో దిద్దినట్టు ఉంటుంది. 'పసుపు కాగితాలు కవరులోనే ఉండిపోయాయని నాకు తెలుసు. చూసే పంపాను. ఆ బొమ్మ నిషివాకి గారిది. కుమగాయ్ హత్సుయే.' కింద ముద్ర.

"చూసే?" అన్నాడు కజివారా.

"చూసేనండి."

"ఎందుకు?"

ఆమె పళ్ళెం బల్లమీద పెట్టింది. "తెలీదండి," అంది.

అన్‌జాయ్ గబగబా కాగితం అందుకోబోయాడు. "ఈ వయసులో ఈవిడకేదో... కుమగాయ్ గారూ, అలసిపోయారు, ఇంటికెళ్ళండి."

"కవరు తెప్పించండి," అన్నాడు కజివారా.

కవరు వచ్చింది. ఆయన హత్సుయే బల్ల దగ్గరే కూర్చుని, దీపం వేసి, నిషివాకి తెల్లకాగితాలు మేకులకి గుచ్చాడు. దర్శకుడు కాకముందు ఆయనా బొమ్మలు వేసినవాడే. వేళ్ళు మొద్దుబారినా తిప్పడం మర్చిపోలేదు. కాగితాలు టపటపమన్నాయి. ఆగాయి. మళ్ళీ టపటపమన్నాయి. గదిలో పెన్సిళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నేను దీన్ని తిప్పి చూడలేదు," అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియకుండా. "పై బొమ్మ ఒక్కటి చూశాను. నవ్వు లేదనుకున్నాను. పసుపు కాగితం పరిచి నాది వేశాను. కింద ఏం కదులుతోందో చూడలేదు." పసుపు కాగితాల రబ్బరు బ్యాండు విప్పబోయి, విప్పకుండానే పక్కన పెట్టాడు. "అన్‌జాయ్, నిషివాకికి ఫోన్ చెయ్యి. తొమ్మిదో భాగం నుంచి రమ్మను. అలాగే ఆ పత్రికామెకి చెయ్యి. నాది కాదని చెప్పాలి."

"మరి ఈవిడ సంగతి?"

కజివారా హత్సుయే వైపు చూశాడు. "నాకూ తెలీదు," అన్నాడు. "ఈరోజు కవర్లు ఎన్ని మిగిలాయి?"

"పదిహేడండి."

"అయితే అవి చూడండి."

*

మంగళవారం మధ్యాహ్నం నిషివాకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎవరి దారికీ అడ్డం రాకూడదన్నట్టు గోడవెంట నడుస్తాడు. చేతిలో సెంబే అనే బియ్యప్పిండి బిళ్ళల పొట్లం. పొయ్యి సందులో కప్పులు కడుగుతున్న హత్సుయే దగ్గరికే ముందు వెళ్ళాడు. ఆ సందులో ఇద్దరు పట్టరు. బయటే నిలబడి నడుం దాకా ఒంగాడు.

"అన్‌జాయ్ గారు చెప్పారండి. నా బొమ్మ కోసం మీరు..."

"నా పని నేను చేశాను." అని, అది నిజం కాదనిపించి, "చెయ్యలేదు," అంది. రెండూ సరిగా అతకలేదు.

నిషివాకి తల ఎత్తలేదు. "ఆ బొమ్మ నాదనడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదండి. పత్రికలో చదివిన దగ్గర్నుంచీ నిద్రలేదు. అడక్కుండా తీసుకున్నాను. క్షమించాలి."

"ఎక్కడ తీసుకున్నారు?"

"మీ దగ్గరండి."

నీళ్ళు కారుతున్నాయి. హత్సుయే కుళాయి కట్టేసింది.

"వేసవిలో నేను తలుపుకెదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. మూడు కాగానే తలుపు అద్దంలో మీ నీడ కనబడేది. మీరు వెంటనే లోపలికి రారు. చెయ్యి తుడుచుకుంటారు. తలుపుమీద చెయ్యి వేసి తీసేస్తారు. మళ్ళీ తుడుచుకుంటారు. పళ్ళెం ఎడంచేతిలోకి మార్చుకుంటారు. అప్పుడు తీస్తారు. రోజూ అంతే. ఒకసారి గడియారం పెట్టి చూశాను. తొమ్మిది సెకన్లు."

హత్సుయే పొట్లం అందుకుని షెల్ఫు మీద పెట్టింది. నిషివాకి ఇంకోసారి ఒంగి, గోడవెంటే బొమ్మల గదిలోకి వెళ్ళాడు.

మొదటిసారి పళ్ళెం పట్టుకున్న మగపిల్లాడి తడబాటు అని రాసింది ఆ విమర్శకురాలు. చేతులేం చేసుకోవాలో తెలియదట. ముప్పై ఒక్కేళ్ళు. ఏడాదికి ఎన్నిసార్లో లెక్కేద్దామనుకుంది, మధ్యలో వదిలేసింది. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. వేలి చివర పెన్సిల్ మసి. అరచేతులకి కప్పులు కడిగిన తడి కూడా లేదు. ఎప్పుడో ఆరిపోయాయి. ఆరిన చేతుల్ని ఇన్నాళ్ళూ ఎందుకు తుడిచినట్టు?

బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. కవరు విప్పింది. మూడయింది. ఆమె లేవలేదు. లేవకూడదని అనుకోలేదు, కాళ్ళు లేవలేదు. మూడూ ఐదయింది. అన్‌జాయ్ గడియారం చూశాడు, తన చేతి గడియారమూ చూశాడు. మూడూ పదికి కజివారా చూడకుండానే మోచేతి పక్కకి చెయ్యి చాపాడు. చెయ్యికి బల్ల తగిలింది. ఆయన తలెత్తి ఖాళీ చోటు చూశాడు. తర్వాత హత్సుయేని చూశాడు. ఆమె కాగితాలు తిప్పుతోంది.

"గడియారం ఆగిందా?" అంది త్సుకుదా.

కుర్చీ కిర్రుమంది. కజివారా లేచి బయటికి వెళ్ళాడు. సందులోంచి కప్పులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, మూత పడిన చప్పుడు, "అబ్బ, కాలింది," అన్న గొంతు. చాలాసేపు నీళ్ళ చప్పుడు.

ఆ తర్వాత తలుపు అద్దంలో నీడ కనబడింది. నీడ ఆగింది. రెండు చేతులా పళ్ళెం ఉంటే తలుపెలా తీయాలో దానికి తెలియలేదు. ఒకచెయ్యి వదిలింది, కప్పులు గలగలమన్నాయి, మళ్ళీ పట్టుకుంది. వదిలి, ప్యాంటుకి తుడుచుకుంది. తలుపుమీద వేసి, తీసేసింది. లోపల అందరూ నోళ్ళు కొద్దిగా తెరుచుకుని అటే చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. గోడపక్క బల్ల దగ్గర నిషివాకి పెన్సిల్ అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

హత్సుయే వేళ్ళ సందుల్లో కాగితాలు అలాగే ఉన్నాయి. లోపల్లోపల లెక్కపెడుతోంది. తొమ్మిది దాటింది. పదకొండు. పన్నెండు. నీడ మళ్ళీ చెయ్యి తుడుచుకుంది.

"పళ్ళెం ఎడంచేతిలోకి మార్చుకోండి," అంది ఆమె, తలుపు అవతలికి వినబడేంత గొంతుతో.